గోడ కింది బావిలో గొంతు

బైబిల్ ఉమన్ అనే ఉద్యోగం ఒకటుండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మొన్న ఒక పెళ్ళిలో, సంఘ పరిచర్యకు చదువుకుంటున్న అమ్మాయిలు కొందరు నా చుట్టూ చేరి, అంటే మీరు ఏం చేసేవారండీ అని అడిగారు. నడిచేవాళ్ళం అన్నాను. పక్కున నవ్వారు. నిజానికి అంతే మరి. భుజాన సంచి, సంచిలో బైబిలు, పాటల పుస్తకం, చేతిలో గొడుగు. సంఘస్థుల ఇళ్ళకు పోయి ఆడవాళ్ళ దగ్గర కూర్చోవడం, వాళ్ళ కష్టం వినడం, ప్రార్థన చేయడం, పాట నేర్పడం, ఒంట్లో బాగాలేని వాళ్ళకు జావ కాచి పెట్టడం. జీతం సంగతి అడక్కండి, చెబితే ఇంకా నవ్వుతారు.

వాళ్ళలో ఒక పిల్ల మాత్రం నవ్వకుండా, "మీ సర్వీసులో దేవుని మహిమ కళ్ళారా చూసిన సందర్భం ఒకటి చెప్పండమ్మా" అంది. కుంటివాడు లేచి నడిచాడనో, డాక్టర్లు వదిలేసిన రోగి బతికాడనో చెబుతానని ఆశపడినట్టుంది. నేను ఈ బావి సంగతి చెప్పాను. చెప్పడం అయ్యేసరికి వాళ్ళ ముందున్న జాంగ్రీలు అలాగే ఉండిపోయాయి. పెళ్ళిపందిట్లో చెప్పాల్సిన కథ కాదని మా తమ్ముడి భార్య తర్వాత నన్ను చీవాట్లు పెట్టింది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

ఎనభైల్లో నన్ను దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వైపు పనికి వేశారు. అప్పుడు అక్కడ ఊరూ లేదు, నగరమూ లేదు. సున్నం పూసిన హద్దురాళ్ళు, సగం లేచిన గోడలు, కంకర కుప్పలు. ఒక వారం నడిచిన దారిలో మరో వారం ఎవరిదో వంటగది లేచేది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి, ముళ్ళకంప దాటుకుంటూ, పేరు కూడా పెట్టని కాలనీల్లోకి నడిచేదాన్ని. గుంటూరు వాళ్ళు, కృష్ణా వాళ్ళు, నల్గొండ వాళ్ళు, అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగినవాళ్ళే. మగవాళ్ళు పొద్దున్నే ఆఫీసులకు పోతే తలుపులు మూసుకునేవి. మాది హయత్‌నగర్ అవతల చిన్న ఊరు. మా ఊళ్ళో పక్కింటి పిల్లి ఈనితే ఎన్ని పిల్లలు పెట్టిందో మా నాయనమ్మ చెప్పగలిగేది. ఇక్కడ పక్కింట్లో మనుషులు ఎందరో చెప్పేవాళ్ళు లేరు. అది నాకు మొదటి నుంచీ గుబులుగానే ఉండేది.

మా సంఘం కూడుకునే ఇల్లు ఒక పాత ఊరి రైతుది. తన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి, చివర రెండు ప్లాట్లు తనకే ఉంచుకుని, పక్కపక్కనే రెండు ఇళ్ళు కట్టి కిరాయికి ఇచ్చాడు. తానేమో ఎదురుగా రేకుల కొట్టంలో గేదెలతో ఉండేవాడు. ఆ రెండు ప్లాట్ల హద్దు సరిగ్గా పాత మోటబావి మీదుగా పోయింది. నీళ్ళిచ్చిన బావిని పూడ్చొద్దని వాళ్ళ నాయన మాట. అందుకని ప్రహరీ గోడను బావి నోటి మీదుగానే కట్టించాడు. బావి సగం మా వైపు, సగం పక్కింటి వైపు. కింద నీళ్ళు ఒకటే, పైన గోడ అడ్డం. పక్కింటి వెనక గది ఆ బావిని ఆనుకునే ఉండేది, కానీ గోడ వల్ల మాకు దాని పిట్టగోడ తప్ప ఏమీ కనబడేది కాదు. మా ఇంట్లో అంతకుముందు దిగిన కుటుంబాలు నిలవలేదట. ఎవరో కూలి మనిషి ఎప్పుడో ఆ బావిలో పడిందని చెప్పుకునేవారు. దయ్యానికి భయపడని వాళ్ళం కదా అని మా వాళ్ళు సంతోషంగా తీసుకున్నారు.

ముందు గది మాకు ఆరాధన హాలు, వెనక వరండా దాటితే బావి. పాస్టరు అయ్యగారు చిన్నవాడు, గుంటూరు వైపు మనిషి, మెత్తని స్వభావం. సంఘ పెద్ద మాత్రం గట్టి మనిషి. ఏదో సర్కారు ఆఫీసులో పెద్ద హోదాలో ఉండేవాడు. ఆఫీసులో ఫైళ్ళు కదిపినట్టే సంఘంలో మనుషుల్ని కదిపేవాడు. మంచివాడే, చెడ్డవాడని అనను. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ఏర్పాటు లేకపోతే ఆయనకు తోచేది కాదు.

వానాకాలం వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం, చివరి పాట అయిపోయింది. అయ్యగారు ఆశీర్వాదానికి చేతులెత్తాడు, అందరం తలలు వంచి ఉన్నాం. అప్పుడు వెనక నుంచి ఒక ఆడ గొంతు, మేం ఆపేసిన పాటలో ఆఖరి లైను మళ్ళీ పాడింది. ఒక్కతే, మెల్లగా, ఒక్క మాటా తప్పకుండా. ఎవరో వెనకబడ్డారనుకుని తిరిగి చూశాను. నా వెనక వరుసలో అందరూ నాలాగే వెనక్కి తిరిగి చూస్తున్నారు. అందరికంటే వెనక కూర్చున్న ముసలమ్మ గోడ వైపు చూస్తోంది. అయ్యగారి చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

తర్వాతి ఆదివారమూ వచ్చింది. ఆ తర్వాత ప్రతి కూడికలోనూ వచ్చింది. గొంతు ఎటు నుంచి వస్తోందో చెప్పలేం. గది నిండా ఉన్నట్టుండేది. బావి దగ్గరికి వెళ్ళి నిలబడితే కింది నుంచి చల్లగా పైకి తేలేది. పాట మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేది.

ఇంటి యజమానిని అడిగితే చేతిలోని గడ్డిమోపు దించి, "గా కూలి ఆమెనే అక్కా. మా నాయిన దినాలల్ల పడ్డది. జర జాగ్రత్తగుండుండ్రి, బాయి దిక్కు సూడకుండ్రి" అన్నాడు. సంఘ పెద్దకు ఆ మాట నచ్చలేదు. దేవుని పాట దయ్యం ఎందుకు పాడుతుంది, మన స్తుతిలో ఒక దేవదూత గొంతు కలుపుతున్నాడు, ఈ చోటును దేవుడు తన మహిమ కోసం ఏర్పరచుకున్నాడు అని తేల్చి చెప్పేశాడు. అంతే. గోడకు అటు వాళ్ళ నమ్మకం ఒకటి, ఇటు మా నమ్మకం ఒకటి. వాళ్ళకు దయ్యం, మాకు దూత.

ఊరూరా పాకింది ఆ సంగతి. వనస్థలిపురం నుంచి, ఇంకా అవతలి నుంచి జనం రావడం మొదలుపెట్టారు. హాలు చాలక సందులో నిలబడేవారు. సంఘ పెద్ద ఒక కొత్త పద్ధతి పెట్టాడు. చివరి పాట ఆగగానే అందరూ కళ్ళు మూసుకుని, చేతులు చాచి, కదలకుండా ఉండాలి. గొంతు వచ్చి ఆఖరి లైను పాడి ఆగగానే ఆయన "దేవునికి మహిమ" అనాలి, మేమంతా "మహిమ, మహిమ" అనాలి. ఏడ్చేవాళ్ళు ఏడ్చేవారు. బావిలో నీళ్ళు తోడడం మానిపించాడు. మా వైపు బావి అంచుకు సున్నం కొట్టించి, మల్లెపూలు పెట్టించాడు. తాగడానికి ట్యాంకరు నీళ్ళ కోసం క్యూలో నిలబడ్డాం. అయ్యగారు ఒకసారి నాతో మెల్లగా, "అక్కా, జనం నా ప్రసంగం అయిపోవాలని ఎదురుచూస్తున్నారు, అది మాత్రం తెలుస్తోంది" అన్నాడు. నవ్వబోయాడు కానీ రాలేదు.

నా సంగతి చెబుతాను. నేను దూత అనీ నమ్మలేదు, దయ్యం అనీ నమ్మలేదు. భయపడ్డాను. హాలు ఊడ్చే పని కూడా నాదే కాబట్టి తాళం చెవి నా దగ్గర ఉండేది. ఒక బుధవారం మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే ఊడుస్తూ, అలవాటుగా ఏదో పాట తీశాను. చరణం అయి ఆపాను. చీపురు చప్పుడు కూడా ఆగింది. బావిలోంచి ఆఖరి లైను వచ్చింది. ఈసారి నా కోసం, నా ఒక్కదాని కోసం. చీపురు అక్కడే పడేసి చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చి, టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. కాళ్ళు కాలిన సంగతి ఇంటికి వెళ్ళాక తెలిసింది.

పక్కింటాయన్ని ఒకసారి గేటు దగ్గర ఆపి అడిగాను. కోస్తా వైపు మనిషి, సన్నగా ఉండేవాడు, చేతిలో టిఫిన్ క్యారియరు, ఎప్పుడూ హడావుడి. భార్య కూతురి పురిటికి సొంతూరు వెళ్ళిందని, ఒక్కడే ఉంటున్నాడని విన్నాను. మీకూ వినిపిస్తోందా అండీ అన్నాను. ఆయన చేతిలోని తాళం చెవి వైపు చూస్తూ, "అవునండీ, మాకూ వినపడుతుంది" అన్నాడు. వెంటనే బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ ఇంటికి నేను ఎప్పుడూ దర్శనానికి, అంటే పలకరింపుకు, వెళ్ళలేదు. మాకు పని నేర్పిన పెద్దమ్మలు చెప్పిన మొదటి పాఠం అది, తాళం ఉన్న ఇంటి ముందు పొద్దు పుచ్చకు అని. ఎండలో తిరిగేవాళ్ళకు అది బతుకు సూత్రం. తాళం కనబడితే మా కాళ్ళు వాటంతటవే ముందుకు పోయేవి.

ఆ ఏడు ఎండలు ముదిరాక ఈస్టరు ముందరి శ్రమల వారం వచ్చింది. మట్టల ఆదివారం జనం సందు చివరి దాకా ఉన్నారు, గొంతు ఎప్పటిలాగే వచ్చింది. ఆ వారమంతా రోజూ సాయంత్రం కూడికలు. సోమవారం బాగానే ఉంది. ఆ తర్వాత పాట తగ్గిపోయింది. ఒక సాయంత్రం ఆఖరి లైను సగంలో ఆగింది. మరుసటి సాయంత్రం మాటలు లేవు, రాగం మాత్రం సన్నగా వచ్చింది. గురువారం ఎంతసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నా ఏదో గాలి తీసినట్టుగా ఒక మూలుగు తప్ప రాలేదు. హాల్లో ఒక తల్లి బిడ్డ నోరు మూసింది, ఆ బిడ్డ ఏడుపే అడ్డమేమో అని.

పెద్ద లేచి నిలబడ్డాడు. మనలో పాపం ఉంది, దూత మనల్ని విడిచి వెళ్ళిపోతున్నాడు, రేపు మంచి శుక్రవారం ఒక్కరూ నీటిబొట్టు కూడా ముట్టకుండా రండి అన్నాడు. ఆ రాత్రి ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది మొగుడూపెళ్ళాలు ఒకరి మీద ఒకరు అనుమానం పెట్టుకున్నారో దేవుడికే ఎరుక.

మంచి శుక్రవారం ఆరాధన తెలుసుగా, మిట్టమధ్యాహ్నం మొదలై మూడింటికి ముగుస్తుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడాలి. క్షమాపణ మాట, పరదైసు మాట లాంటివి పెద్దలు ముందే పంచేసుకుంటారు. ఐదో మాట, దాహం గురించినది, చిన్నది. దాని మీద ఏం మాట్లాడతాంలే అని ఎవరూ తీసుకోరు. అందుకని అది నాకు వచ్చింది.

నేను లేచేసరికి జనం నోళ్ళు ఎండిపోయి ఉన్నారు. కరెంటు లేదు. పసిపిల్లలు కూడా నిద్రపోయారు. నేను దాహం గురించి రాసుకున్నదేదో చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అప్పుడు వెనక నుంచి చప్పుడు వచ్చింది. పాట కాదు. టింగుమని. మళ్ళీ టింగుమని. ఇనుప ఊచ మీద స్టీలు గ్లాసు కొడితే వచ్చే చప్పుడు.

ఎవరో "స్తోత్రం" అన్నారు. సంఘ పెద్ద కళ్ళు మూసుకునే "మహిమ" అన్నాడు. హాలంతా "మహిమ" అంది. నాకు మాత్రం మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఊళ్ళో మంచంలో పడి ఉన్న ఆఖరి రోజుల్లో, నీళ్ళు కావాలంటే చెంబు మీద ఉంగరంతో అలాగే కొట్టేది. దూతకు గ్లాసు ఎందుకు? దయ్యానికి గ్లాసు ఎందుకు? మనిషి. ఇన్నాళ్ళుగా మాలో ఒక్కరికీ తోచని మాట అది.

చెప్పేది సగంలో వదిలేసి బయటికి పరుగెత్తాను. ప్రసంగం మధ్యలో బైబిల్ ఉమన్ పారిపోతే సంఘం ఊరుకుంటుందా, నా వెనకే వచ్చారు. పక్కింటి ముందు తలుపుకు ఎప్పటిలాగే తాళం. గుమ్మంలో పాల పాకెట్లు పడి ఉన్నాయి, పగిలి, విరిగి, చీమలు పట్టి. ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. ఎదురు కొట్టంలోంచి యజమాని వచ్చాడు. లోపల ఎవరో ఉన్నరు, తలుపు తియ్యాలె అన్నాను. ఆయన గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"గా బాయి జోలికి పోవద్దక్కా. నీ కాళ్ళు మొక్కుత."

"దయ్యమైతే నన్నే పట్టుకుంటది. మనిషైతే సస్తది. నువ్వే చెప్పు, ఏం చేద్దం?"

సంఘ పెద్ద వెనక నుంచి, పరాయి ఇంటి తాళం పగలగొడితే పోలీసు కేసు అవుతుంది, మనం సంఘంగా ఆలోచించాలి అంటున్నాడు. యజమాని ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. కొట్టంలోకి వెళ్ళి గడ్డపార తెచ్చాడు. నోట్లో తన దేవుళ్ళందర్నీ తలుచుకుంటూనే ఉన్నాడు. దయ్యమని నమ్మినాయన తాళం పగలగొట్టాడు. దూత అని నమ్మిన వాళ్ళంతా ఆయన వెనక నిలబడ్డారు.

ముందు గది శుభ్రంగా ఉంది. గోడకు క్యాలెండరు, మడత పెట్టిన దుప్పట్లు. వెనక గది తలుపుకు బయట నుంచి ఇంకో తాళం. అది కూడా పగిలింది. లోపల చీకటి. నేలకు దగ్గరగా ఒకటే కిటికీ, దానికి ఊచలు, ఆ ఊచల కింద బావి. కిటికీ దగ్గర నేల మీద ఒకామె పడి ఉంది, నడివయసు దాటిన మనిషి. బోర్లించిన కుండ ఒక పక్కన. చేయి ఊచల్లోంచి బయటికి చాచి ఉంది, వేళ్ళలో గ్లాసు. ఆ కిటికీలోంచి చూస్తే కింద నీళ్ళు మెరుస్తూ కనబడతాయి. అందవు. ఆమె ఎన్నాళ్ళుగా వాటిని అలా చూస్తూ ఉందో.

ఒడిలో తల పెట్టుకుని కొంగు తడిపి పెదాల మీద పిండాను. ఒక్కసారిగా పోయకూడదని జబ్బుల ఇళ్ళల్లో తిరిగినదాన్ని కాబట్టి తెలుసు. అప్పటిదాకా నీళ్ళు ముట్టని సంఘం గుమ్మం దగ్గర నిలబడి ఆమె గుటక వేస్తుందా లేదా అని చూస్తోంది. చాలాసేపటికి వేసింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, నాలుక తిరగక తిరగక, "ఆలస్యమైందండీ, క్షమించండి" అంది. మా గురించి అంటోందనుకున్నాను. ఆలస్యమైంది మాకేనని అనిపించి అందరం తల దించుకున్నాం.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. బతికింది. పక్కింటాయన కూడా ఇంకో దవాఖానలో దొరికాడు. ఆ వారం మొదట్లో ఆఫీసుకు పోతుంటే హైవే మీద లారీ తగిలి, తెలివి లేకుండా పడి ఉన్నాడు. తెలివి వచ్చిన దగ్గర నుంచి ఇంటి తాళం, ఇంటి తాళం అని ఏడుస్తున్నాడట, దెబ్బ వల్ల కలవరిస్తున్నాడని నర్సులు అనుకున్నారు. ఆమె ఆయన అక్క. చిన్నప్పుడు మిషను బోర్డింగు బడిలో చదువుకుంది, అక్కడే ప్రభువును నమ్ముకుంది. తర్వాత మతి చెదిరింది. ఒకసారి రోడ్డు పట్టుకుని ఎటో వెళ్ళిపోతే రోజుల తరబడి వెతికి తెచ్చుకున్నారు. అప్పటి నుంచి తాళం. ఈ ఇంటికి కూడా రాత్రిపూట తెచ్చి లోపల పెట్టారట, ఎదురుగా ఉండే యజమానికి కూడా తెలియదు. నేను వెళ్ళి మంచం పక్కన కూర్చుంటే ఆయన ముఖం అటు తిప్పుకుని, "మీ పాటలు వినపడితే నెమ్మదిగా ఉండేదండి. మీరు దూత అనుకుంటున్నారని తెలుసు. అలా అనుకుంటే ఎవరూ అడగరు కదా అని ఊరుకున్నాను" అన్నాడు. తిట్టాలని వెళ్ళినదాన్ని తిట్టలేకపోయాను. మా సంఘం చేసిన తప్పు కన్నా ఆయనది పెద్దదని నాకు అనిపించలేదు.

ఈస్టరు గడిచాక పెద్ద నన్ను పిలిచి, ఈ సంగతిని వేరే సంఘాల్లో సాక్ష్యంగా చెప్పాలమ్మా అన్నాడు. దేవుడు ఆమె గొంతు వాడుకుని మనల్ని పోగు చేశాడు, మహిమ ఆయనకే అన్నాడు. ఆయనకు ఆ మాట అవసరమని నాకు అర్థమైంది, అది లేకపోతే ఆ మనిషికి నిద్ర పట్టదు. అయినా నా నోరు ఊరుకోలేదు.

"మహిమ ఆయనకేనయ్యా. మరి దాహం ఎవరిది?"

ఆ తర్వాత చాలా వారాలు ఆయన సంఘంలో నోరు విప్పలేదు.

దవాఖాన నుంచి ఆమెను నా గదికే తెచ్చుకున్నాను, ఆమె తమ్ముడి భార్య తిరిగొచ్చేదాకా అని. మంచి మనిషి. పిచ్చి ఉంది, కాదనను, కొన్ని రోజులు నన్ను వార్డెనమ్మ అనుకునేది. కానీ బియ్యంలో రాళ్ళు నాకన్నా బాగా ఏరేది. ఒకరోజు అడిగాను, పాట మొత్తం తెలిసి కూడా ఆఖరి లైను మాత్రమే, అదీ మేం ఆపాక ఎందుకు పాడేదానివి అని. అంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. వాళ్ళ బోర్డింగులో గంట కొట్టాక గుడి తలుపు మూసేసేవారట. ఆలస్యంగా వచ్చిన పిల్ల తలుపు కొట్టకూడదు, పిలవకూడదు. లోపల పాట ఆగేదాకా బయటే నిలబడి, ఆగగానే ఆఖరి లైను తాను పాడాలి. అది వింటే లోపలి వాళ్ళు వచ్చి తలుపు తీస్తారు. ఆలస్యమైందండీ, క్షమించండి అని లోపలికి పోయి కూర్చోవాలి.

"మీ గుడివాళ్ళు మాత్రం తీయలేదు" అంది. ఫిర్యాదుగా కాదు, రాళ్ళు ఏరుతూనే అంది. నేను చేట పక్కన పెట్టి బయటికి వెళ్ళి ఏడ్చాను.

ఆ మాట నేను సంఘంలో చెప్పాను, ఒక ఆదివారం, ఐదో మాట మీద నేను మధ్యలో వదిలేసిన ప్రసంగానికి బదులుగా. దూత కోసం వచ్చినవాళ్ళు అప్పటికే రావడం మానేశారు. పాతవాళ్ళమే మిగిలాం. ఆమె నా పక్కన చాప మీద కూర్చుని ఉంది, దువ్విన తల, ఉతికిన చీర. అయ్యగారు చివరి పాట ఎత్తుకున్నాడు. పాడాం. ఆగాం.

బావి వైపు నుంచి ఆఖరి లైను వచ్చింది.

ఆడ గొంతు. ఒక్కతే, మెల్లగా, ఒక్క మాటా తప్పకుండా. మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. అందరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. ఆమె పెదాలు మూసే ఉన్నాయి. నా చేయి గట్టిగా పట్టుకుని, "నేను కాదమ్మా" అంది.

ఎవరూ మహిమ అనలేదు. ఎవరూ కళ్ళు మూసుకోలేదు. ముందు లేచింది సంఘ పెద్ద. చెప్పుల్లో కాళ్ళు పెట్టి బయటికి నడిచాడు. అయ్యగారు పుస్తకం మూసి ఆయన వెనకే పోయాడు. ఆ తర్వాత అందరూ, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు కూడా, ఎవరి చెప్పులు ఎవరు వేసుకున్నారో చూసుకోకుండా వెళ్ళిపోయారు. హాల్లో మేమిద్దరమే మిగిలాం. భయమేసి చాప మీదే కూర్చుండిపోయాను, దాచడం ఎందుకు. ఆమే నన్ను లేపింది.

"పదమ్మా. ఎవరో బయట నిలబడి ఉన్నారు" అంది.

సందులోకి వచ్చి చూస్తే ఎండ మండిపోతోంది. మా సంఘమంతా కాలనీ నాలుగు వైపులా పడి, కనబడిన ప్రతి తలుపూ తడుతోంది. మనుషులున్న ఇళ్ళల్లో లోపల ఎవరెవరున్నారని అడుగుతున్నారు, తాళాలున్న ఇళ్ళ చుట్టూ తిరిగి కిటికీల్లోంచి పిలుస్తున్నారు. సగం కట్టిన ఇళ్ళల్లోకి దూరి చూస్తున్నారు. ఇంటి యజమాని గడ్డపార భుజాన వేసుకుని వాళ్ళ మధ్యలో నడుస్తున్నాడు. సంఘ పెద్ద ఒక తాళం తలుపుకు చెవి ఆనించి, "అమ్మా, లోపల ఎవరైనా ఉన్నారా" అని అడుగుతున్నాడు, ఆఫీసరు గొంతుతో కాదు, బిడ్డను లేపుతున్నట్టు.

సాయంత్రం దాకా వెతికాం. పాడినవాళ్ళెవరో దొరకలేదు, ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు ఆరాధనకు ఆశీర్వాదం చెప్పనే లేదు, చెప్పడానికి హాల్లో ఎవరూ లేరు. నా సర్వీసులో నేను కళ్ళారా చూసిన మహిమ అదే, పిల్లలూ.